రన్‌వే పొడవును మన్నించిన ప్రేక్షకుడు హాన్ చావును ఎందుకు మన్నించలేదు?

2013 వేసవిలో హన్మకొండలోని ఒక సినిమా హాలులో, కార్ల రేసులతో మొదలైన హాలీవుడ్ సినిమాల వరుస ‘ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్’ ఆరో భాగం చూశాను. చివరి పోరాటంలో ఒక భారీ సరుకు విమానం రన్‌వే మీద పరుగెడుతూ ఉంటుంది. దాని పక్కన, వెనుక, కింద కార్లు పరుగెడుతుంటాయి. విమానం గాలిలోకి లేవకుండా, కార్లకు కట్టిన ఇనుప తాళ్లతో దాన్ని నేలకు లాగి పట్టాలని కథానాయకుడి బృందం ప్రయత్నిస్తుంటుంది. ఐదు నిమిషాలు గడిచాయి, పది నిమిషాలు గడిచాయి, రన్‌వే మాత్రం అయిపోలేదు. నా వెనుక వరుసలో ఒకాయన “ఈ రోడ్డు హైదరాబాద్ దాకా ఏసిన్రా ఏంది?” అన్నాడు. చుట్టుపక్కల వాళ్లంతా నవ్వారు. ఆ నవ్వు ఇంకా సద్దుమణగకముందే, కారుకు వేలాడుతున్న జిసెల్ అనే పాత్ర, తన చేయి పట్టుకుని ఉన్న ప్రియుడు హాన్ వెనుక నుంచి శత్రువు రావడం చూసి, తన చేతిని తానే వదిలేసి, పడిపోతూ ఆ శత్రువును కాల్చి, చీకట్లో కలిసిపోతుంది. హాలంతా ఒక్కసారిగా మూగబోయింది. రోడ్డు పొడవు గురించి పరిహాసమాడిన ఆ వెనుక వరుస కూడా మాట్లాడలేదు.

ఒకే సన్నివేశం, ఒకే హాలు, రెండు మూడు నిమిషాల తేడా. ఇంత అసాధ్యమైన చోట ఒక మనిషి చావు అంత నిజంగా ఎలా తగిలింది? ఈ సినిమాల మీద ప్రేక్షకులు చెప్పే మాటలు ఒకదానికొకటి పొసగనట్టు కనిపించడానికి కారణం ఈ ప్రశ్నలోనే ఉందని నా నమ్మకం. కార్లు ఎగరడం చూసి చప్పట్లు కొట్టినవారే “ఇది మరీ ఎక్కువైంది” అంటారు. ప్రతి భాగానికీ టికెట్ కొన్నవారే “మొదటి సినిమా వేరే” అని నిట్టూరుస్తారు. వీటిని విడదీసి చూస్తే, ప్రేక్షకుడు తన మనసులో రెండు ఖాతాలు వేరువేరుగా నడుపుతాడని తెలుస్తుంది. ఒకటి సాధ్యాసాధ్యాల ఖాతా, రెండోది కథ ఇచ్చిన మాటకు సంబంధించిన ఖాతా. మొదటి దాంట్లో ఎంత అప్పయినా ఇస్తాడు. రెండో దాంట్లో పైసా తేడా వచ్చినా మరిచిపోడు.

ఆగిన కాలం

ముందు ఆ రన్‌వే లెక్క చూద్దాం. ఆ సన్నివేశం తెర మీద సుమారు 13 నిమిషాలు నడుస్తుంది. విమానం, కార్లు గంటకు 180 కిలోమీటర్ల వేగంతో పోతున్నాయని తక్కువలో తక్కువ అనుకున్నా, నిమిషానికి 3 కిలోమీటర్ల చొప్పున 39 కిలోమీటర్లు అవుతుంది. హన్మకొండలో బయలుదేరితే స్టేషన్ ఘన్‌పూర్ దాటిపోవాల్సిన దూరమది. శంషాబాద్ విమానాశ్రయంలోని పొడవైన రన్‌వే సుమారు నాలుగుంపావు కిలోమీటర్లు మాత్రమే. కాబట్టి నవ్వినవారి లెక్కలో తప్పేమీ లేదు.

అయితే ఆ 13 నిమిషాలు ఒకదాని తర్వాత ఒకటిగా జరిగిన ఘటనలు కావు. విమానం లోపల ఇద్దరు కొట్టుకుంటున్న క్షణంలోనే బయట ఒక కారు బోల్తా పడుతుంది, అదే క్షణంలో ఇంకో కారు రెక్కకు తాడు విసురుతుంది. ఏకకాలంలో జరిగే ఐదారు సంగతులను తెర ఒకేసారి చూపలేదు కనుక, ఎడిటర్ వాటిని ముక్కలు చేసి వరుసగా పేరుస్తాడు. కథలో రెండు మూడు నిమిషాలు మనకు పదమూడు నిమిషాలు అవుతాయి. అంటే ఇక్కడ సాగింది రన్‌వే కాదు, కాలం.

మన ప్రాంతపు ప్రేక్షకులకు ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. ఐనవోలులోనో కొమురవెల్లిలోనో మల్లన్న జాతరలో ఒగ్గుకథ విన్నవారికి, జనగామ ప్రాంతపు చుక్క సత్తయ్య వంటి మహా కళాకారుల ప్రదర్శన చూసినవారికి, కథకుడు సరిగ్గా కత్తి లేచిన చోట కథను నిలబెట్టి, వంతపాటవారితో నాలుగు మాటలాడి, డోలు మోగించి, ఆ వీరుడి పుట్టుక నుంచి వర్ణన ఎత్తుకోవడం అలవాటే. కత్తి అలా లేచే ఉంటుంది. “ఇంతసేపు చెయ్యి నొప్పి పెట్టదా” అని అక్కడెవరూ అడగరు. ఒకవేళ ఎవరైనా అడిగి నవ్వించినా, అది ఆ కథను తిరస్కరించడం కాదు, కథలో పాలుపంచుకోవడమే. హన్మకొండ హాలులో వినిపించిన ఆ వెనుక వరుస మాట కూడా అలాంటిదే. ఇటువంటి నవ్వును ‘సినిమా తేలిపోయింది’ అనడానికి సాక్ష్యంగా చూపే సమీక్షకులు, ఆ నవ్విన గొంతులోని ఇష్టాన్ని వినడం లేదనిపిస్తుంది.

ఆటోనగర్ ఫిర్యాదు

కానీ సాధ్యాసాధ్యాల ఖాతాను అంత సులువుగా కొట్టివేయని ప్రేక్షకులూ ఉన్నారు. వాళ్లు కార్ల మనుషులు. వరంగల్ ఆటోనగర్‌లో ఇంజిన్లు విప్పే ఒక మిస్త్రీ నాకు చాలాకాలంగా తెలుసు. ఈ సినిమాల్లో మొదటిదాన్ని ఆయన ఎన్నిసార్లు చూశాడో ఆయనకే లెక్క లేదు, కానీ దాని మీద ఆయనకున్నన్ని అభ్యంతరాలు ఇంకెవరికీ లేవు. “కారు నడిపెటోడు గేరు గన్నిసార్లు మారుస్తడా తమ్మీ? ఆ బండికి ఉన్నయే అయిదు గేర్లు” అంటాడు. మొదటి రేసులో, ఈ సినిమాల ముఖ్య నటుల్లో ఒకడైన పాల్ వాకర్ నడిపే ఆకుపచ్చ మిత్సుబిషి ఎక్లిప్స్‌లో గ్యాస్ వదలగానే కాళ్ల కింది రేకు ఊడి రోడ్డు మీద పడే దృశ్యం వచ్చినప్పుడల్లా ఆయన ఊరుకోలేడు. “గ్యాస్ ఎక్కువైతే రేకెందుకు ఊడ్తది? పిస్టన్ కరుగుతది, గ్యాస్కెట్ పోతది. రేకుకేం సంబంధం?”

ఆయన చెప్పేది అక్షరాలా నిజం. ఆ గ్యాస్ నైట్రస్ ఆక్సైడ్, ఆస్పత్రుల్లో నొప్పి తెలియకుండా ఇచ్చే వాయువు అదే. గాలిలో బరువు ప్రకారం సుమారు 23 శాతం ఆక్సిజన్ ఉంటే, ఈ వాయువులో 36 శాతం ఉంటుంది. ఇంజిన్ లోపల సుమారు 300 డిగ్రీల వేడి దగ్గర అది విడిపోయి ఆ ఆక్సిజన్‌ను వదులుతుంది. ఆక్సిజన్ పెరిగితే దానికి తగ్గట్టు పెట్రోలు కూడా ఎక్కువ మండించవచ్చు, అందువల్ల కొన్ని సెకన్ల పాటు బలం ఒక్కసారిగా పెరుగుతుంది. పెట్రోలు ఆ కొలతలో అందకపోతే మాత్రం లోపలి వేడి హద్దు దాటి పిస్టన్లు పాడవుతాయి.

ఇన్ని తప్పులు పట్టే మనిషి ఆ సినిమానే ఎందుకు అంతగా ప్రేమిస్తాడు? ఆయన ప్రేమించేది అందులోని షెడ్డును. 2001లో రాబ్ కోహెన్ దర్శకత్వంలో వచ్చిన ఆ సినిమాకు మూలం 1998లో ‘వైబ్’ పత్రికలో కెన్ లీ రాసిన ఒక వ్యాసం. న్యూయార్క్ వీధుల్లో రాత్రిపూట రేసులు పెట్టుకునే కుర్రాళ్ల గురించి రాసినది. సినిమా కథను లాస్ ఏంజెలెస్‌కు మార్చారు కానీ, ఆ లోకంలోని పేదరికం, పాత బండిని కొని చేతులతో బాగు చేసుకునే తపన, గ్రీజు అంటిన గోళ్లు అలాగే ఉన్నాయి. ఎక్కడో తుక్కులో పడి ఉన్న టయోటా సుప్రాను తెచ్చి, తిరిగి ప్రాణం పోసి, పావు మైలును పది సెకన్లలో దాటించే బండిగా చేస్తారు. చివరి రేసు రైల్వే గేటు దగ్గర, వస్తున్న రైలుకు ముందుగా దాటడంతో ముగుస్తుంది. కాజీపేట జంక్షన్ చుట్టూ పెరిగినవారికి రైలు గేటు దగ్గర ఆ కొన్ని సెకన్ల విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. ఆటోనగర్‌లో తుక్కు అంబాసిడర్‌ను, ఇంజిన్ సీజైన జీపును లేపి నిలబెట్టే మనిషికి ఆ సినిమాలో తన వృత్తి గౌరవంగా కనిపించింది. తప్పులు పట్టడం కూడా ఆ గౌరవంలో భాగమే. తనది అనుకున్నదాన్నే మనిషి దిద్దుతాడు.

అందుకే ఆయన ఫిర్యాదు అసలు భౌతికశాస్త్రం మీద కాదు. 2011లో వచ్చిన ఐదో భాగంతో ఈ కథ రేసు కథ కావడం మానేసి దోపిడీ కథ అయింది, ఆ తర్వాత గూఢచారి కథ అయింది. షెడ్డు పోయింది, కార్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చెప్పడం పోయింది. నిర్మాణ సంస్థ యూనివర్సల్ దృష్టిలో ఆ మార్పుకు బలమైన కారణముంది. 2006లో వచ్చిన మూడో భాగం ప్రపంచవ్యాప్తంగా 16 కోట్ల డాలర్లు కూడా దాటలేదు. పాత నటులు తిరిగి వచ్చిన నాలుగో భాగం 36 కోట్లు తెస్తే, రియో డి జనీరో నేపథ్యంలోని ఐదో భాగం 62 కోట్లు దాటింది. కార్ల ఇంజిన్ల గురించి ఏమీ తెలియని కుటుంబాలు కూడా హాలుకు రావడం మొదలైంది ఇక్కడే. ఒక సమూహం తనది కాదనుకుని వెనక్కి తగ్గిన చోటే, దానికంటే ఎన్నో రెట్లు పెద్ద సమూహం తనదనుకుని ముందుకొచ్చింది. ‘పాతవే బాగున్నాయి’ అనేవారూ, ‘ఐదు నుంచే అసలు సినిమా’ అనేవారూ ఒకే సినిమాను చూసి గొడవపడటం లేదు. ఇద్దరూ రెండు వేర్వేరు కథలకు అభిమానులు.

ఐదో భాగంలోని తిజోరీ సన్నివేశం ఈ ఇద్దరినీ కలిపిన అరుదైన చోటు. రెండు డాడ్జ్ చార్జర్ కార్లు ఒక పోలీస్ స్టేషన్‌లోని, టన్నుల బరువున్న తిజోరీని తాళ్లతో కట్టి పెకలించి ఊరి వీధుల వెంట ఈడ్చుకుపోతాయి. లెక్కల్లో అది కుదరదు. ఇంజిన్‌కు ఎంత బలమున్నా, టైరుకు రోడ్డు మీద పట్టున్నంత మేరకే అది లాగగలదు. వానకు తడిసిన నల్లరేగడిలో పత్తి బస్తాలతో దిగబడిన ట్రాక్టర్‌ను చూసిన రైతుకు ఈ సూత్రం పుస్తకం లేకుండానే తెలుసు. యాక్సిలరేటర్ తొక్కే కొద్దీ చక్రం తిరుగుతుంది, బండి కదలదు. అయినా ఆ సన్నివేశాన్ని రైతులూ మిస్త్రీలూ ఎగబడి చూశారంటే, తెర మీద ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడు నిజమైనది కావడమే కారణం. చిత్రబృందం ఆ తిజోరీ ఆకారంలో పలు పెట్టెలు తయారు చేసింది, వాటిలో ఒకదాని లోపల డ్రైవర్ కూర్చుని నడిపేవాడు. అది గుద్దిన కార్లు నిజంగానే నుజ్జయ్యాయి. ఏడో భాగంలో విమానం నుంచి కార్లను వదిలే దృశ్యం కోసం కూడా నిజమైన కార్లనే ఆకాశం నుంచి కిందికి వదిలారు. సాధ్యం కానిదాన్ని కూడా బరువున్న వస్తువులతో చూపితే కన్ను ఒప్పుకుంటుంది. తొమ్మిదో భాగంలో అయస్కాంతాలు వీధిలోని వాహనాలను గాలిపటాల్లా ఊపినప్పుడు, పాత పాంటియాక్ కారుకు రాకెట్ కట్టి అంతరిక్షంలోకి పంపినప్పుడు ఆ ఒప్పుదల సడలింది. అంతరిక్షమైనందుకు కాదు, అక్కడ బరువు కనిపించనందుకు.

2015 ఏప్రిల్

ఏడో భాగం మన దేశంలో 2015 ఏప్రిల్ 2న, అమెరికా కంటే ఒక రోజు ముందు విడుదలైంది. ఇంగ్లిష్‌తో పాటు హిందీ, తమిళ, తెలుగు భాషల్లోనూ వచ్చి, దేశంలో వంద కోట్ల రూపాయలకు పైగా వసూలు చేసింది. ఒక హాలీవుడ్ సినిమాకు అప్పట్లో అది అసాధారణం. తెలుగులో రావడం వల్ల జరిగిన మేలు వసూళ్లకు మించినది. అంతవరకు అన్నదమ్ములతో వెళ్లిన కుర్రాళ్లు ఆ సినిమాకు అమ్మానాన్నలను తీసుకొచ్చారు. ‘కుటుంబం’ అనే మాట చుట్టూ తిరిగే కథను అమ్మ కూడా అర్థం చేసుకుంటూ చూడటం, కుర్రాడికి ఆ కథ అర్థాన్నే మార్చింది.

ఆ సినిమాకు హాలులో వచ్చిన స్పందనను దాని వెనుక జరిగినదాని నుంచి విడదీయలేము. చిత్రీకరణ సగంలో ఉండగా, 2013 నవంబర్ 30న పాల్ వాకర్ కాలిఫోర్నియాలో కారు ప్రమాదంలో చనిపోయాడు. ఆ పోర్షే కారులో ఆయన ప్రయాణికుడు, నడిపినది ఆయన స్నేహితుడు, ఇద్దరూ పోయారు. గంటకు 45 మైళ్లు మించరాని రోడ్డులో కారు 80 నుంచి 93 మైళ్ల వేగంతో పోయిందనీ, టైర్లు తొమ్మిదేళ్ల పాతవనీ పోలీసుల విచారణలో తేలింది. మిగిలిపోయిన దృశ్యాలను ఆయన తమ్ముళ్లు కేలబ్, కోడీల శరీరాల మీద కంప్యూటర్‌తో ఆయన ముఖాన్ని తీర్చి పూర్తి చేశారు. దర్శకుడు జేమ్స్ వాన్ ఆ పాత్రను కథలో చంపలేదు. చివర్లో రెండు కార్లు పక్కపక్కనే కొంతదూరం పోయి, రోడ్డు చీలిన చోట తెల్ల సుప్రా ఒక దారి పడుతుంది. అది వాకర్ సొంత కార్లలోనిదే.

హన్మకొండలో నేను చూసిన ఆటలో పాట అయిపోయి, పేర్లు పడుతూ, దీపాలు వెలిగిన తర్వాత కూడా చాలామంది లేవలేదు. గేటు దగ్గర తర్వాతి ఆట జనం నిలబడి ఉన్నారు, హాలు కుర్రాడు చీపురుతో వచ్చి వరుస చివర ఆగి, తెర వైపు చూస్తూ అలాగే నిలబడ్డాడు. మన దగ్గర దీపాలు వెలగకముందే సగం మంది మెట్ల మీద ఉంటారు. అబుదాబిలో ఒక భవనం నుంచి మరో భవనంలోకి కారు దూకిన దృశ్యానికి ఈలలు వేసినవారే, గంట తర్వాత ఒక కారు మామూలుగా రోడ్డు మలుపు తిరిగినందుకు కన్నీళ్లు తుడుచుకున్నారు. ఆ సినిమా ప్రపంచమంతటా 151 కోట్ల డాలర్లు వసూలు చేయడానికి ఆ దూకడం కంటే ఈ మలుపే పెద్ద కారణమని నేననుకుంటాను.

దావత్‌లో కూర్చున్నవాడు

ఇప్పుడు రెండో ఖాతా దగ్గరికి వద్దాం. హాన్ అనే పాత్రను సంగ్ కాంగ్ పోషించాడు. మూడో భాగంలో, టోక్యోలో, ఆ పాత్ర కారు మంటల్లో చనిపోతుంది. ప్రేక్షకులకు అతను ఎంతగా నచ్చాడంటే, దర్శకుడు జస్టిన్ లిన్ తర్వాతి మూడు సినిమాల కథలను మూడో దానికంటే ముందు జరిగినట్టుగా అమర్చి, అతన్ని వాటిలో ఉంచగలిగాడు. ఫలితంగా, చనిపోతాడని ముందే తెలిసిన ఒక మనిషిని మనం మూడు సినిమాల పాటు నవ్వుతూ, తింటూ, జిసెల్‌ను ప్రేమిస్తూ చూశాం. రన్‌వే మీద జిసెల్ పోయాక, ‘టోక్యో వెళ్తాను’ అన్నప్పుడు అతను ఎక్కడికి పోతున్నాడో అతనికి తెలియదు, హాలులో అందరికీ తెలుసు. ఆరో భాగం చివర్లో ఆ చావు ప్రమాదం కాదనీ, జేసన్ స్టేథమ్ పోషించిన షా అనేవాడు కావాలని చంపాడనీ చూపారు. ఏడో భాగమంతా ఆ పగ మీదనే నడిచింది.

రెండేళ్లకు, 2017లో వచ్చిన ఎనిమిదో భాగంలో అదే షా కథానాయకుడి పసిబిడ్డను కాపాడి, చివరి విందులో అందరితో కలిసి కూర్చుంటాడు. ఎవరూ హాన్ పేరెత్తరు.

ఈ సినిమాల్లో ఆ విందు అంటే ఏమిటో తెలిస్తేనే ఆ తర్వాత వచ్చిన కోపం అర్థమవుతుంది. మొదటి భాగంలోనే ఇంటి వెనుక పెరట్లో మాంసం కాలుస్తూ అందరూ కూర్చునే దృశ్యముంది. కంచం వైపు ముందుగా చేయి చాపినవాడు ప్రార్థన చెప్పాలన్నది ఆ ఇంటి నియమం. ఆ తర్వాతి చాలా కథలు అటువంటి బల్ల దగ్గరే సేద తీరుతాయి. తెలంగాణలో దావత్ అంటే తిండి మాత్రమే కాదని మనకు తెలుసు. ఎవరిని పిలిచారు, ఎవరిని పిలవలేదు, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు అన్నది ఊళ్లో ఏళ్ల తరబడి గుర్తుంటుంది. ఇంటి మనిషిని చంపినవాడిని మళ్లీ బంతిలో కూర్చోబెట్టాలంటే పెద్దమనుషుల ముందు పంచాయితీ జరగాలి, అతను తప్పు ఒప్పుకోవాలి, తప్పు కట్టాలి, పోయినవాడి తరఫు వాళ్లు సరేననాలి. ఇవేవీ లేకుండా కంచం పెట్టడం కథ తన మాటను తానే తప్పడం. ఆ ఆట నుంచి బయటికొస్తూ ఒక నడివయసు ఆమె తన కొడుకుతో “ఆ పిలగాన్ని సంపినోడు గీడనే కదరా? మరి అన్నమెట్ల పెట్టిన్రు?” అంది. వేల మైళ్ల దూరంలో అమెరికా అభిమానులు అదే ప్రశ్నను ‘హాన్‌కు న్యాయం’ అనే నినాదంగా మార్చారు. ఆమెకు ఆ నినాదం తెలియదు. వాళ్లకు దావత్ తెలియదు. లెక్క మాత్రం ఒక్కటే.

2021లో తొమ్మిదో భాగానికి తిరిగి వచ్చిన జస్టిన్ లిన్ ఈ అప్పు తీర్చాలనుకుని హాన్‌ను బతికించాడు. ఆ చావు పన్నిన నాటకమనీ, హాన్ ఇన్నాళ్లూ రహస్యంగా ఉన్నాడనీ చెప్పాడు. సంగ్ కాంగ్ తెర మీద నడిచి వచ్చిన క్షణం సంతోషంగానే ఉంది, ఆ సంతోషాన్ని నేను కాదనను. కానీ అడిగింది న్యాయం, ఇచ్చింది ప్రాణం. షా చేసిన తప్పుకు పంచాయితీ జరగాల్సిన చోట, అసలు తప్పే జరగలేదని కొట్టివేశారు. దానితో జిసెల్ పోయాక హాన్ మోసిన దుఃఖం, ఏడో భాగంలోని పగ, మూడు సినిమాలుగా మనం ముందే తెలిసి పడిన బాధ అన్నీ ఆధారం లేనివయ్యాయి.

మేడారంలో సంపెంగ వాగు జంపన్న వాగు అయింది, ఆ యోధుడు అందులో ప్రాణం విడిచాడు కనుక. కోట్లమంది అక్కడ మునకవేసేటప్పుడు ఆ చావు జరిగిందన్న నమ్మకమే ఆ నీటికి అర్థం. నేను పోల్చేది పవిత్రతను కాదు, కథ పనిచేసే తీరును. చావు నిలిచినప్పుడే దాని చుట్టూ ఉన్న బతుకులకు బరువొస్తుంది. కార్లకు బరువు లేకపోతే కన్ను ఎలా ఒప్పుకోదో, చావుకు బరువు లేకపోతే మనసు అలాగే ఒప్పుకోదు.

అంకెల్లో ఈ సడలింపు కనిపిస్తుంది, అయితే అంకెలను జాగ్రత్తగా చదవాలి. అమెరికాలో విడుదల రోజున హాలు నుంచి బయటికొచ్చే ప్రేక్షకులకు కార్డులిచ్చి గ్రేడు వేయించే సినిమాస్కోర్ పద్ధతిలో ఐదు నుంచి ఎనిమిది వరకు నాలుగు భాగాలకూ ‘ఏ’ వచ్చింది. తొమ్మిది, పది భాగాలకు ‘బి ప్లస్’ వచ్చింది. వసూళ్లు ఎనిమిదో భాగానికి 123 కోట్ల డాలర్లు, తొమ్మిదో దానికి 72 కోట్లు, పదో దానికి 70 కోట్లు. తొమ్మిదోది కరోనా కాలంలో వచ్చింది కనుక ఆ పతనం మొత్తాన్ని కథ మీద మోపడం అన్యాయం. పదోదానికి ఆ సాకు లేదు, పైగా దాని ఖర్చే 34 కోట్ల డాలర్లు. ఇంకో సంగతి, ఎనిమిదో భాగం వసూళ్లలో అమెరికా వాటా ఐదో వంతు కూడా లేదు, చైనా ఒక్కటే దానికంటే చాలా ఎక్కువ ఇచ్చింది. అంటే ఈ సినిమాల అసలు ప్రేక్షకుడు చాలాకాలంగా ఇంగ్లిష్ మాట్లాడని ఊళ్లలోనే ఉన్నాడు. ‘ఫ్యామిలీ’ అన్న మాట మీద 2021లో లోకమంతా జోకులు వేసుకున్నప్పుడు, ఆ మాటను నిజంగా నమ్మి వస్తున్న ఈ ఊళ్ల మనుషుల గురించి ఎవరూ పెద్దగా రాయలేదు.

2023 మే నెలలో పదో భాగం వచ్చింది. పదేళ్ల కిందట ఆరో భాగం చూసిన ఊళ్లోనే, ఈసారి కొత్త కుర్చీలూ చల్లని గాలీ ఉన్న హాలులో చూశాను. చివర్లో కథానాయకుడి బృందంలోని రోమన్, తేజ్, రామ్సే, హాన్ ఉన్న విమానాన్ని శత్రువులు కూల్చేస్తారు. ఏళ్ల తరబడి తెలిసిన మనుషులు ఒకే దెబ్బకు పోయారని చూపే దృశ్యం అది. నా ముందు వరుసలో ఇద్దరు ఇంజినీరింగ్ పిల్లలు ఫోన్లు తీసి టైమ్ చూసుకున్నారు. వెనుక ఎవరో “ఏం గాదు, మల్ల ఒస్తరు తియ్” అన్నారు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ మూగబోలేదు. కొద్దిసేపటికి అంటార్కిటికా మంచును చీల్చుకుని ఒక జలాంతర్గామి పైకి లేచింది, దాని మూత తెరుచుకుంది, రన్‌వే చీకట్లో చేయి వదిలేసిన జిసెల్ అందులో నుంచి బయటికి వచ్చి నిలబడింది. ఎక్కడో ఒక మూల నుంచి ఈల వినిపించింది. ఆ పిల్లల్లో ఒకడు పక్కవాడిని అడిగాడు, “ఈమె ఎవర్రా?” రెండోవాడు ఫోన్ జేబులో పెట్టుకుంటూ చెప్పాడు, “ఆరో పార్ట్‌ల సచ్చిపోయినామె.”